బేరింగ్ బ్యాంకు యజమాని లార్డ్ రెవెల్‌స్టోక్: తరచుగా అడిగే ప్రశ్నలు

లార్డ్ రెవెల్‌స్టోక్ అసలు పేరేమిటి? ఏం చేసేవారు?

అసలు పేరు ఎడ్వర్డ్ చార్లెస్ బేరింగ్. 1828 ఏప్రిల్ 13న పుట్టి, 1897 జులై 17న లండన్‌లో మరణించారు. లండన్ బిషప్స్‌గేట్‌లోని 8వ నంబరు భవనంలో నడిచిన బేరింగ్ బ్రదర్స్ సంస్థకు పెద్ద భాగస్వామి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డైరెక్టర్లలో ఒకరు. లాయిడ్స్ బీమా సంస్థకు ఛైర్మన్‌గా కూడా ఉన్నారు. దేశదేశాల ప్రభుత్వాలకు, రైల్వేలకు లండన్‌లో అప్పు పుట్టించడం ఆయన పని. 1890 నవంబరులో ఆ సంస్థ మూతపడే దాకా వచ్చింది. చరిత్ర పుస్తకాలు ‘బేరింగ్ సంక్షోభం’ అనేది దాన్నే.

ఆ కుటుంబానికి అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

ఉన్ని బట్టల నుంచి. జర్మనీలోని బ్రెమెన్ నుంచి యోహాన్ బేరింగ్ 1717లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌కు వచ్చి ఉన్ని వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1762లో లండన్‌లో దుకాణం తెరిచాడు. సరుకు కొని అమ్మడంతో మొదలై, ఇతర వర్తకుల సరుకుకు పూచీ ఉండటం, ఆ తర్వాత ప్రభుత్వాలకు అప్పులు ఏర్పాటు చేయడం దాకా ఎదిగాడు. 1792-93లో ఈస్టిండియా కంపెనీకి ఛైర్మన్ అయ్యాడు. 1803లో అమెరికా ఫ్రాన్స్ దగ్గర లూసియానా ప్రాంతాన్ని కొన్నప్పుడు, ఆ కొనుగోలు కోసం జారీ చేసిన కోటి 12 లక్షల 50 వేల డాలర్ల బాండ్లను అమ్మిపెట్టింది బేరింగ్‌లూ, ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన హోప్ సంస్థా.

రెవెల్‌స్టోక్ ఈ ఫ్రాన్సిస్‌కు మనవడు. ఆయన చేతికి వచ్చేసరికి ఆ పేరు వయసు వందేళ్లు దాటింది. ఆ తరువాతి కథంతా ఆ పేరు మీద ఉన్న నమ్మకం చుట్టూనే తిరుగుతుంది.

‘బారన్’ బిరుదు కొనుక్కున్నదా, వారసత్వంగా వచ్చిందా?

రెండూ కాదు. బారన్ అంటే ‘లార్డ్’ అని పిలిచే ప్రభు హోదా. 1885లో బ్రిటిష్ ప్రభుత్వం సిఫారసు మీద రాణి ఇచ్చిన బిరుదు అది. ఆ తర్వాతే వారసత్వంగా పెద్దకొడుక్కి వెళ్లింది. అదే ఏడాది పోటీ బ్యాంకు అధిపతి నేథన్ రోత్‌షీల్డ్‌కు కూడా బారన్ హోదా దక్కింది. రెవెల్‌స్టోక్ అనేది డెవాన్ సముద్రతీరంలో ఆయన మెంబ్లాండ్ ఎస్టేటును ఆనుకుని ఉన్న ఊరి పేరు. బిరుదు వచ్చాక పత్రాల్లో ‘ఎడ్వర్డ్ బేరింగ్’ అన్న పేరు మాయమై ‘రెవెల్‌స్టోక్’ ఒక్కటే కనిపిస్తుంది. 1885కు ముందు, తర్వాత ఇద్దరు వేర్వేరు మనుషులని పొరబడేది ఇక్కడే.

కెనడాలోని రెవెల్‌స్టోక్ పట్టణానిదీ ఈయన పేరే. కెనడియన్ పసిఫిక్ రైల్వే డబ్బు లేక ఆగిపోయే స్థితిలో ఉన్నప్పుడు, 1885లో దాని బాండ్లు తీసుకుని ఆదుకున్నది బేరింగ్ సంస్థ.

బేరింగ్ సంస్థ రోజువారీ వ్యాపారం ఏమిటి? డిపాజిట్లు తీసుకునే బ్యాంకేనా?

మన వీధిలో కనిపించే బ్యాంకు లాంటిది కాదు. వాళ్ల అసలు వ్యాపారం హుండీలకు, అంటే ఫలానా గడువుకు ఇంత సొమ్ము చెల్లించాలని వర్తకులు రాసే కాగితాలకు, పూచీ పడటం. ఇది అర్థమైతే 1890లో ఏం జరిగిందో సగం అర్థమైనట్టే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

కలకత్తాలో ఒక ఎగుమతిదారు, బోస్టన్‌లో ఒక కొనుగోలుదారు ఉన్నారనుకోండి. సరుకు విలువ 10,000 పౌండ్లు. ఒకరినొకరు ఎరగరు. బోస్టన్ వర్తకుడు ముందుగా బేరింగ్‌తో మాట్లాడుకుంటాడు. కలకత్తా వర్తకుడు సరుకు ఓడకెక్కించి, ‘మూడు నెలల తర్వాత 10,000 పౌండ్లు చెల్లించవలెను’ అని బేరింగ్ పేరు మీద హుండీ రాస్తాడు. అది లండన్ చేరాక బేరింగ్ గుమస్తా దాని మీద అడ్డంగా ‘అంగీకరించాం’ అని రాసి సంస్థ సంతకం పెడతాడు. ఈ సంతకానికి నూటికి ఒకటి చొప్పున కమీషన్ అనుకుంటే 100 పౌండ్లు.

ఆ సంతకం పడగానే కాగితం విలువ మారిపోతుంది. మూడు నెలలు ఆగకుండా దాన్ని లండన్ మార్కెట్లో అమ్ముకోవచ్చు. ఏడాదికి 4 శాతం వడ్డీ నడుస్తుంటే మూడు నెలలకు 1 శాతం తగ్గించి 9,900 పౌండ్లు చేతిలో పెడతారు. గడువు నాటికి బోస్టన్ వర్తకుడు డబ్బు పంపుతాడు, బేరింగ్ దాంతో హుండీ తీరుస్తుంది.

ఇక్కడ బేరింగ్ తన జేబులోంచి ఒక్క పౌండు కూడా తీయలేదని గమనించండి. అమ్మింది తన పేరును. కానీ బోస్టన్ వర్తకుడు డబ్బు పంపకపోతే మాత్రం ఆ 10,000 పౌండ్లూ బేరింగ్ కట్టి తీరాలి. ఇలాంటి సంతకాలు 1890 నవంబరు నాటికి సుమారు కోటి 58 లక్షల పౌండ్ల మేర బయట తిరుగుతున్నాయి.

మరి అప్పులు ఏర్పాటు చేయడం అంటే?

దీనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి: ఒక ప్రభుత్వం బాండ్లను ‘మేం అమ్మిపెడతాం, అమ్ముడైనంతకు కమీషన్ ఇవ్వండి’ అనడం. అమ్ముడు కాకపోతే నష్టం ఆ ప్రభుత్వానిది. రెండోది: మొత్తం బాండ్లను తామే ఒక ధరకు కొనేసి, ఇంకాస్త ఎక్కువ ధరకు జనానికి అమ్మడం. ఇందులో లాభం పెద్దది, కానీ అమ్ముడుపోని సరుకంతా కొన్నవాడి నెత్తిన పడుతుంది. 1880ల్లో రెవెల్‌స్టోక్ రెండో పద్ధతి వైపు బాగా మొగ్గారు. కూలిపోవడానికి మొదటి కారణం ఏదని అడిగితే, అర్జెంటీనా కంటే ముందు మేం చూపేది ఈ మార్పునే.

గిన్నిస్ వాటాల అమ్మకం గురించి తరచు చెబుతారు. అప్పుడు ఏం జరిగింది?

1886 అక్టోబరులో ఐర్లండ్ బీరు కంపెనీ గిన్నిస్ వాటాలను 60 లక్షల పౌండ్లకు బేరింగ్ మార్కెట్లోకి తెచ్చింది. దరఖాస్తులు ఇవ్వడానికి వచ్చిన జనంతో బిషప్స్‌గేట్ నిండిపోయింది. పోలీసులు అడ్డు నిలబడ్డారు. లోపలికి వెళ్లలేనివాళ్లు దరఖాస్తు కాగితాన్ని రాయికి చుట్టి కిటికీలోంచి విసిరారని అప్పట్లో చెప్పుకున్నారు. అమ్మకానికి పెట్టినదానికి ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. వాటాల్లో పెద్ద భాగం తమవాళ్లకే పంచుకున్నారన్న విమర్శా వచ్చింది.

‘మన పేరు పెడితే చాలు, ఏదైనా అమ్ముడుపోతుంది’ అన్న ధీమా ఆ రోజు బలపడింది. రెండేళ్లు తిరిగేసరికి అదే ధీమాతో బ్యూనస్ ఎయిరిస్ నీటి కంపెనీని తలకెత్తుకున్నారు.

అర్జెంటీనాయే ఎందుకు?

పాత సంబంధం ఉంది. 1824లో బ్యూనస్ ఎయిరిస్ ప్రభుత్వానికి 10 లక్షల పౌండ్ల అప్పు ఏర్పాటు చేసింది బేరింగ్‌లే. కొన్నాళ్లకే చెల్లింపులు ఆగిపోయాయి. 1857 దాకా తేలలేదు. అంత చేదు అనుభవం ఉన్నా 1880ల్లో ఆ దేశం మీద మళ్లీ ఆశ కలిగింది. విశాలమైన గడ్డి మైదానాలు, గోధుమ, మాంసం, ఉన్ని, కొత్త రైల్వేలు, యూరప్ నుంచి ఓడలు ఓడలుగా వలసలు. భూమి నిజంగానే సారవంతం. ఆ అంచనా తప్పు కాదు. తప్పంతా డబ్బు కథలో ఉంది.

అప్పులకు వడ్డీ బంగారంలో కట్టాలి. దేశంలో చెలామణీ కాగితపు పెసో. 1887లో వచ్చిన చట్టంతో రాష్ట్రాల బ్యాంకులు కూడా నోట్లు జారీ చేసుకోగలిగాయి. నోట్లు పెరిగేకొద్దీ వాటి విలువ పడిపోయింది. 1890కి ఒక బంగారు పెసో కొనడానికి దాదాపు రెండున్నర కాగితపు పెసోలు కావలసి వచ్చాయి. పన్నులు కాగితంలో వస్తాయి, బాకీ బంగారంలో తీర్చాలి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో డాలర్లలో అప్పుచేసి, రూపాయల్లో సంపాదించి తీర్చాలనుకునే మనిషిని ఊహించుకోండి. రూపాయి పడినప్పుడల్లా వాయిదా బరువెక్కుతుంది. అర్జెంటీనాకు ఎదురైన చిక్కు అదే.

నీటి కంపెనీ ఎలా దెబ్బతింది?

1888లో బ్యూనస్ ఎయిరిస్ నగర నీటి సరఫరా, మురుగు కాల్వల పనులను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. దాని వాటాలు అమ్మే పని బేరింగ్ తీసుకుంది. పొరపాట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

ప్రభుత్వానికి ఇవ్వాల్సిన డబ్బు పెద్ద పెద్ద వాయిదాల్లో, నిర్ణీత తేదీల్లో కట్టాలి. లండన్‌లో వాటాలు అమ్ముడైనా కాకపోయినా ఆ తేదీలు ఆగవు. వాటాలు అమ్ముడు కాలేదు. మిగిలినవన్నీ బేరింగ్ దగ్గరే ఉండిపోయాయి, వాయిదాలకు బేరింగే డబ్బు పెట్టాల్సి వచ్చింది. అక్కడేమో నీటి చార్జీల మీద జనం తిరగబడ్డారు. వచ్చిన చార్జీలూ విలువ పడిపోతున్న కాగితమే. గొట్టాలు భూమిలో పాతాక వాటిని పీకి అమ్ముకోలేం కదా. 1891లో ఒప్పందం రద్దయి పనులు తిరిగి ప్రభుత్వానికి చేరాయి.

ఈలోగా 1890 జులై 26న బ్యూనస్ ఎయిరిస్‌లో సాయుధ తిరుగుబాటు లేచింది. ఆగస్టు 6న అధ్యక్షుడు హువారెస్ సెల్మాన్ రాజీనామా చేశాడు, కార్లోస్ పెల్లెగ్రీని వచ్చాడు. దాంతో లండన్‌లో అర్జెంటీనా కాగితం కొనేవాళ్లే కరువయ్యారు.

1890 నవంబరులో రోజువారీగా ఏం జరిగింది?

నవంబరు 7, శుక్రవారం: బంగారం నిల్వ తగ్గుతోందని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటును 6 శాతానికి పెంచింది. మామూలుగా రేటు ప్రకటించేది గురువారం. శుక్రవారం పెంచడంతోనే ఏదో ఉందని మార్కెట్ పసిగట్టింది.

నవంబరు 8, శనివారం: బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ విలియం లిడర్‌డేల్‌కు రెవెల్‌స్టోక్ అసలు పరిస్థితి చెప్పారు. గడువుకొస్తున్న హుండీలు తీర్చడానికి చేతిలో రొక్కం లేదని తేలింది.

నవంబరు 10, సోమవారం నుంచి: లిడర్‌డేల్ ఆర్థికమంత్రి జార్జి గోషెన్‌ను కలిశారు. సర్కారు సొమ్ము నేరుగా ఇవ్వడానికి గోషెన్ ఒప్పుకోలేదు. ఖాతా పుస్తకాలు చూడమని బ్యాంకు మాజీ గవర్నర్ బెంజమిన్ బక్ గ్రీన్‌కు, గ్లిన్ బ్యాంకుకు చెందిన బెర్‌ట్రామ్ కరీకి అప్పగించారు. రోత్‌షీల్డ్‌ల ద్వారా ఫ్రాన్స్ బ్యాంకు నుంచి 30 లక్షల పౌండ్ల బంగారం, రష్యా నుంచి 15 లక్షల పౌండ్ల బంగారం సమకూరాయి. ఇవన్నీ గుట్టుగా జరిగాయి. బయటికి పొక్కితే బేరింగ్ సంతకమున్న ప్రతి కాగితాన్నీ వదిలించుకోవడానికి జనం ఎగబడతారు.

నవంబరు 14, శుక్రవారం: గుట్టు నిలవలేదు. హుండీలు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు వచ్చి పడుతున్నాయి. మర్నాడు మధ్యాహ్నం 2 గంటల దాకా బ్యాంకు తీసుకునే బేరింగ్ హుండీల మీద నష్టం వస్తే సగం భరిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. అంటే లిడర్‌డేల్‌కు దొరికింది ఒక్క రోజు. ఆ సాయంత్రమే బ్యాంకు గదిలో పూచీకత్తు నిధి జాబితా తెరిచారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 10 లక్షలు, గ్లిన్ 5 లక్షలు, రోత్‌షీల్డ్ 5 లక్షల పౌండ్లు రాశారు. తర్వాత మిగతా బ్యాంకులు వరస కట్టాయి. కొద్ది రోజుల్లో మొత్తం కోటి 70 లక్షల పౌండ్లు దాటింది.

శనివారం పొద్దున పత్రికల్లో వార్త వచ్చేసరికి, ‘బేరింగ్ చిక్కుల్లో ఉంది’ అన్న మాటతోపాటే ‘అందరూ కలిసి పూచీ పడ్డారు’ అన్న మాటా ఉంది. జనం ఎగబడటం ఆగిపోయింది.

పోటీదారులు ఎందుకు ఆదుకున్నారు? రోత్‌షీల్డ్‌లకు బేరింగ్ పోతే లాభమే కదా?

కాదు. కోటీ 58 లక్షల పౌండ్ల హుండీలు ఎవరి దగ్గరున్నాయి? వీళ్లందరి బీరువాల్లోనే. బేరింగ్ తలుపు మూస్తే అవి ఆ క్షణమే చెల్లని కాగితాలవుతాయి. 1866లో ఓవరెండ్ గర్నీ సంస్థను అలా వదిలేసిన అనుభవం పెద్దలందరికీ గుర్తుంది. అప్పుడు వడ్డీ రేటు 10 శాతానికి చేరి మూడు నెలలు అక్కడే నిలిచింది, దాంతోపాటు ఎన్నో సంస్థలు పోయాయి. ఈసారి రేటు 6 శాతం దాటలేదు.

మరి రెవెల్‌స్టోక్ ఐపీ పెట్టినట్టా, కాదా?

కాదు. లెక్క చూస్తే బాకీలు దాదాపు 2 కోట్ల 10 లక్షల పౌండ్లు, ఆస్తులు దాదాపు 2 కోట్ల 48 లక్షలు. కాగితం మీద ఆస్తులే ఎక్కువ. కానీ ఆస్తుల్లో చాలా భాగం అప్పటికప్పుడు అమ్ముడుపోని అర్జెంటీనా, ఉరుగ్వే కాగితాలు. బాకీలేమో వారాల్లో తీర్చాల్సినవి. పదెకరాల పొలం ఉన్న రైతుకు రేపు పొద్దున కట్టాల్సిన లక్ష రూపాయలు చేతిలో లేకపోవడం లాంటిది ఇది. పొలం రాత్రికి రాత్రి అమ్మితే సగం ధర కూడా రాదు. పూచీకత్తు నిధి వాళ్లకిచ్చింది వ్యవధి మాత్రమే. ఆస్తులను 1894 దాకా మెల్లగా అమ్మి బాకీలన్నీ తీర్చారు. పూచీ పడ్డవాళ్లెవరూ జేబులోంచి కట్టాల్సిన అవసరం రాలేదు.

ఆయన సొంత ఆస్తి ఏమైంది?

చాలామటుకు పోయింది. పాత బేరింగ్ సంస్థ పరిమిత బాధ్యత లేని భాగస్వామ్యం. సంస్థ బాకీకి భాగస్వామి ఇల్లు, వాకిలి, బల్లలు, పటాలు అన్నీ పూచీయే. లండన్ మేఫెయిర్‌లో చార్లెస్ స్ట్రీట్ 37వ నంబరు ఇంటిని అప్పుడప్పుడే ఘనంగా తిరిగి కట్టించుకున్నారు. అది వదులుకోవాల్సి వచ్చింది. ఏరికోరి కూర్చిన ఫ్రెంచి సామాను అమ్మకానికి వెళ్లింది. 1892లో భార్య లూయీసా పోయారు. మోసం జరగలేదు కాబట్టి కేసులు, జైలు లేవు. కానీ లండన్ బ్యాంకుల కేంద్రమైన ‘సిటీ’లో మళ్లీ ఆయన మాటకు విలువ రాలేదు.

సంస్థ మళ్లీ ఎలా లేచింది?

1890 నవంబరులోనే ‘బేరింగ్ బ్రదర్స్ అండ్ కంపెనీ లిమిటెడ్’ అని 10 లక్షల పౌండ్ల మూలధనంతో కొత్త కంపెనీ పెట్టారు. చివరి మాట గమనించండి: లిమిటెడ్. ఇక నుంచి నష్టం పెట్టిన వాటా వరకే. నడిపించింది రెవెల్‌స్టోక్ కొడుకు జాన్, తర్వాతి రోజుల్లో రెండో లార్డ్ రెవెల్‌స్టోక్. తండ్రి పోగొట్టిన నమ్మకాన్ని కొడుకు పాతికేళ్లకు పైగా ఓపిగ్గా కూడగట్టాడు. 1890 తర్వాతి కాలపు పత్రాల్లో, ముఖ్యంగా 1897 తర్వాత, ‘లార్డ్ రెవెల్‌స్టోక్’ అని కనబడితే అది తండ్రో కొడుకో తేదీ చూసి నిర్ధారించుకోండి.

భారతదేశంతో ఈ కుటుంబానికి సంబంధం ఉందా?

దగ్గరి సంబంధమే ఉంది. 1872 నుంచి 1876 వరకు వైస్రాయ్‌గా ఉన్న లార్డ్ నార్త్‌బ్రూక్ ఈయన పెదనాన్న మనవడు. 1873-74 బిహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించింది ఆయన ప్రభుత్వమే. రెవెల్‌స్టోక్ సొంత తమ్ముడు ఎవెలిన్ అప్పుడు నార్త్‌బ్రూక్‌కు ఆంతరంగిక కార్యదర్శి. 1880-83 మధ్య వైస్రాయ్ మండలిలో ఆర్థిక సభ్యుడు. తర్వాత ఈజిప్టుకు వెళ్లి లార్డ్ క్రోమర్‌గా పేరు పొందాడు.

మన ప్రాంతంలో ఇలాంటి సంఘటన ఏదైనా జరిగిందా?

జరిగింది, కానీ ముగింపు వేరు. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు ఆపేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. దాని అధిపతి సర్ జార్జి ఆర్బత్‌నాట్ కూడా బిరుదున్న, పాత వర్తక కుటుంబపు మనిషే. అక్కడ పూచీకత్తు నిధి ఏదీ రాలేదు. డిపాజిటర్లు మునిగారు, సర్ జార్జికి 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ తర్వాతే వి. కృష్ణస్వామి అయ్యర్ ప్రభృతులు పూనుకుని 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపించారు.

యువరాణి డయానాకు ఈయన చుట్టమా?

అవును. రెవెల్‌స్టోక్ కూతురు మార్గరెట్ 1887లో చార్లెస్ స్పెన్సర్‌ను పెళ్లాడింది. ఆమె కొడుకు ఆల్బర్ట్, ఆయన కొడుకు జాన్, ఆయన కూతురు డయానా.

1995లో కూలిన బేరింగ్స్ ఇదేనా?

ఇదే. సింగపూర్‌లో నిక్ లీసన్ చేసిన అనధికార లావాదేవీల వల్ల 82 కోట్ల 70 లక్షల పౌండ్ల నష్టం వచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఐఎన్‌జీ దాన్ని ఒక్క పౌండుకు కొంది. 1890లో ఆస్తులు మిగిలాయి, వ్యవధి కావలసి వచ్చింది. 1995లో మూలధనమే తుడిచిపెట్టుకుపోయింది. అందుకే ఈసారి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇతర బ్యాంకులను పిలిచి కూర్చోబెట్టినా కుదరలేదు. నష్టం ఎక్కడ ఆగుతుందో తెలియని చోట ఎవరూ పూచీ పడరు.

ఆయనకు సంబంధించినవి ఇప్పుడు ఏవి చూడొచ్చు?

చార్లెస్ స్ట్రీట్ ఇల్లు డార్ట్‌మౌత్ హౌస్ పేరుతో నిలిచి ఉంది. 1926లో ఇంగ్లిష్ స్పీకింగ్ యూనియన్ దాన్ని కొంది. మెంబ్లాండ్ భవనాన్ని 1920ల్లో పడగొట్టారు. కానీ అతిథులను గుర్రపు బండ్లలో తిప్పడానికి ఆయన వేయించిన తొమ్మిది మైళ్ల దారిలో సముద్రపు అంచున సాగే భాగం అలాగే ఉంది. నాస్ మేయో ఊరి నుంచి కాలినడకన వెళ్లొచ్చు. దారి చాలావరకు చదునుగానే ఉంటుంది, బండ్ల కోసం వేసింది కదా. సంస్థ పాత ఉత్తరాలు, ఖాతాలు లండన్‌లోని బేరింగ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అక్కడ వెతికేటప్పుడు మనిషి పేరుతో కాక దేశం పేరుతో, ఏడాదితో మొదలుపెడితే కావలసిన కట్ట త్వరగా దొరుకుతుంది.